కనకయ్య మోత

తాపి నది సూరత్ ఇళ్లలోకి వచ్చిన ఏడు పుట్టిన పిల్లలకు ఓటు కార్డులు చేతికొచ్చిన ఏడు అది. మాఘమాసం, నేతవాళ్ల కులదేవుడు మార్కండేయుని జయంతి.

ఉధ్నా కార్ఖానాలో కనకయ్య పొద్దు పొడిచినప్పటి నుంచి సాంచాల నడుమ, మరమగ్గాల నడుమ, తిరుగుతున్నాడు. ఒకదాంట్లో కండె అయిపోతే తీసి కొత్తది పెట్టాడు. ఇంకోదాంట్లో పడుగు పోగు తెగింది. వేలు నాలికకు రాసుకుని, కొసలు రెండూ కలిపి మెలిపెట్టి, ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో కొరికి ఉమ్మేశాడు. చేతిపిడి తోస్తే సాంచా మళ్లీ అందుకుంది. కండె మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంటే కింద బండలు అదిరాయి. ఆ అదురు పాదాల్లోంచి మోకాళ్ల దాకా వచ్చింది. రోజూ వచ్చేదే.

పొట్టి మనిషి. యాభై దాటాయి. ఎడమ భుజం కుడిదాని కన్నా కిందికి దిగి ఉంటుంది. గిటారు పట్టీ వేసుకుని వేసుకుని దిగిందని అతను అంటాడు. నూలు చుట్టిన బీములు మోసి దిగిందని పెళ్లాం సమ్మక్క అంటుంది. కనుబొమ్మల మీద, చెవుల మీది వెంట్రుకల మీద నూలు నూగు తెల్లగా పట్టి ఉంటుంది. ఎడమచేతి వేళ్ల కొసలు మాత్రం గట్టిపడి కాయలు కాచాయి. ఆ నాలుగు వేళ్లతో పొయ్యి మీది గిన్నె దించినా కాలదు.

కార్ఖానాలో మాట ఉండదు, సైగే. బొటనవేలు నోటికి పెడితే నీళ్లు. అరచేతిలో వేలు రుద్దితే తంబాకు. పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పితే సేఠ్ వస్తున్నాడని. సాంచా తప్పుగా నడుస్తుంటే ఇనుము మీద అరచెయ్యి ఆనించి కనిపెడతారు. మీసాలు రాకముందు వచ్చి, మీసాలు నెరిసేదాకా అట్లా బతికిన మనిషిని నీ చెవులు ఎట్లున్నాయని అడిగేవాళ్లు లేరు. తనను తాను అతనూ అడగలేదు.

ఇంట్లో మాత్రం సమ్మక్క ఊరుకోదు. పక్కనే కుక్కర్ కూత మీద కూత పెడుతున్నా కదలకుండా కూర్చుంటాడని ఆమె గొడవ. "ఇల్లు తగలబడినా గిట్లనే కూసుంటవు" అంటుంది.

"కుక్కర్ నిన్ను పిలుస్తది. నన్నెందుకు పిలుస్తది?" అంటాడు.

ఆ రోజు పాలీలో సగం పూటే పని చేశాడు. జయంతి అని సేఠ్‌ను ముందే అడిగి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం సాంచాలు పక్కవాడికి అప్పజెప్పి బయటికొస్తే ఎండ తెల్లగా కొట్టింది. రోడ్డు మీద ఆటోలు నోళ్లు మూసుకుని పోతున్నట్టు ఉన్నాయి. కార్ఖానా నుంచి బయటపడ్డ కాసేపు లోకం ఎప్పుడూ అట్లాగే ఉంటుంది.

గదికి వచ్చి తానం చేసి, ఇంత తిని, గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. తీగెలు గుడ్డతో తుడిచాడు. ఒక్కొక్కటే మీటి, చెక్కకు గదవ ఆనించి, శ్రుతి చూసుకున్నాడు. ఎలక్ట్రిక్ గిటారుకు వైరు తగిలించకపోతే మోత రాదు, చీమ నడిచినంతే. ఇంట్లో ఎప్పుడూ అట్లాగే వాయిస్తాడు. గోడకు ఆవల కాపురం ఉంది, ఈవల కాపురం ఉంది. యాంపు ఉండేది కులపోళ్ల సమాజం గదిలో.

గిటారు ఎర్రది. అంచుల్లో రంగు పోయి లోపలి కర్ర కనబడుతుంది. రాందేర్ వైపు గులాం భాయ్ అని ఒక ఉస్తాద్ ఉండేవాడు. గర్బా ఆర్కెస్ట్రాల్లో వాయించి వాయించి, కొత్తది వచ్చాక పాతది ఇతనికి ఇచ్చేశాడు. వయసులో ఉండగా కనకయ్య ఆయన వెనక వైర్లు మోశాడు. ఆయన నేర్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ. "తీగెను కొడుతున్నావేంది, అది నీకేం బాకీ లేదు" అనేవాడు. మెడ దగ్గర మీటితే మోత మెత్తగా వస్తుంది, కింద మెట్టు దగ్గర మీటితే గట్టిగా వస్తుంది. అది ఆయన చెప్పలేదు, చూసి పట్టుకున్నాడు. కొన్నేళ్లు అచ్చం ఆయనలాగే వాయించాడు. కళ్లు మూసుకుని వింటే గులాం భాయే అనేవాళ్లు. మొదట్లో ఆ మాటకు పొంగిపోయాడు. తర్వాత్తర్వాత ఆ మాట చెవిన పడితే అన్నం సయించేది కాదు.

పక్క సాంచాల మీద బెహరా అని గంజాం నుంచి వచ్చిన ఒరియా మనిషి ఉండేవాడు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగెల మీద ఇనుప కడ్డీ జార్చి వాయించేవాడు. ఆ జారుడుకు కనకయ్య మనసు పోయింది. కడ్డీ దొరక్క, విరిగిన నాడె మొనకుండే ఇనుప కుచ్చును, బోలు తొడుగును, ఊడదీసి చిటికెన వేలికి తొడిగి చూశాడు. సరిగ్గా పట్టింది. ఇక కొన్నాళ్లు బెహరా అయ్యాడు.

ఇవన్నీ అయినా లోపల ఇంకొకటి మిగిలింది. కోరుట్ల అవతల వాళ్ల ఊర్లో ఎల్లమ్మ పండుగకు బైండ్లాయన జమిడిక పట్టుకుని కథ చెప్పేవాడు. తీగె బిగించి వదిలితే అది మనిషిలా మూలిగేది. కిందికి వంగి, వంగిన చోటినుంచి పైకి లేచేది. ఆ వంపు గిటారులోకి రావాలని తీగెను పక్కకు నెట్టి నెట్టి గోళ్ల సందుల్లో నెత్తురు చూశాడు. ఒకనాడు వచ్చేది. మర్నాడు పోయేది. ఉస్తాద్ చెయ్యి, ఒరియా జారుడు, జమిడిక వంపు మూడూ మూడు దిక్కులకు లాగేవి. మోత గులగులలాడేది తప్ప ఒక్క మాటగా పలికేది కాదు.

వరద తర్వాత పలికింది. సమాజం వాళ్ల పాత స్పీకర్ బాక్సులు బురద తాగి పాడైతే కొత్తవి తెచ్చారు. అప్పటిదాకా వైర్లు చుట్టే రాజనర్సు కొత్త మిక్సర్ ముందు కూర్చున్నాడు. ఆ యేడు గణపతిని సాగనంపేనాడు, టెంపో మలుపు తిరగక ముందే, ఇంకా ఎవరూ కనబడక ముందే, అవతలి సందులో ఒక ముసలామె "గది కనకయ్య మోత" అన్నదట. ఆ మాట ఇద్దరు ముగ్గురి నోళ్లు తిరిగి అతని దగ్గరకు వచ్చింది. ఇంటికి పోయి కంచం ముందు కూర్చుని, తినకుండా నవ్వుతూ ఉండిపోయాడు. పిచ్చి లేచిందేమోనని సమ్మక్క భయపడింది.

గది అద్దెది. సాంచా సేఠ్‌ది. గిటారు కూడా ఉస్తాద్ ఇచ్చిందే. సూరత్‌లో తన పేరు మీద ఉన్నది ఆ మోత ఒక్కటే.

సమాజం గది ముందు టెంపో నిలబెట్టి బాక్సులు ఎక్కిస్తున్నారు. రాజనర్సు లేడు. అతనిది పాండేసరలో రంగుల మిల్లు పని. గుడ్డముక్క నమూనా చూపిస్తే అదే రంగు కలిపి ఇస్తాడు. కొన్నాళ్లుగా దగ్గు పట్టుకుంది. భేస్తాన్ నుంచి పొద్దున అతని పెళ్లాం లింగవ్వ ఫోన్ చేసి, ఆయన లేస్తలేడన్నా అని చెప్పింది. అతని బదులు శివకృష్ణ వచ్చాడు. ఉధ్నాలోనే పుట్టి పెరిగినవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పెళ్లిళ్లకు డీజే పెడతాడు.

"కాకా, ఒక ఛోటా పీస్ వాయించు. లెవల్ చూస్కుంట" అన్నాడు.

"పాడేటోనిది చూస్కో. నాదేం చూస్తవు."

"అరే, నీది సెట్ చేయకుంటె కైసే కాకా?"

"నా గిటారును ముట్టకు. నాబులన్ని నడుమకు పెట్టి ఇడిసిపెట్టు. రాజనర్సు ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ముట్టలే."

శివకృష్ణ ప్యాడ్ వాయించే పరమేశ్ వైపు చూశాడు. పరమేశ్ తన కర్రలకు చుట్టిన టేపు విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"చెప్తుండు గదా," అన్నాడు తలెత్తకుండా. "పెద్దమనిషి ముట్టకు అంటె ముట్టకు."

ఎండ వాలే వేళకు ఊరేగింపు కదిలింది. ముందు పూలదండల్లో మార్కండేయుని పటం. వెనక ఒక్క తీరు చీరలు కట్టుకుని కోలలు పట్టిన ఆడవాళ్లు. వాళ్ల వెనక టెంపో. పెద్ద బాక్సులు జనం వైపు తిరిగి ఉన్నాయి. వాటి వెనక, టెంపో తొట్లో, కనకయ్య తన చిన్న యాంపును మోకాలి పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. మోత మిక్సర్ మీదుగా బాక్సులకు పోయినా, అతనికి వినబడేది ఆ యాంపే. ఎప్పుడూ అదే.

పాట మొదలైంది. తన వంతు రాగానే నాడె కుచ్చు తీగె మీద పెట్టి పైకి జార్చాడు. మోత సన్నగా లేచింది. దారం లాంటిది. వంగింది, వంగి నిలబడింది. ఒళ్లు జలదరించింది అతనికి. ఇన్నేళ్లయినా జలదరిస్తుంది.

తలెత్తి చూస్తే ముందు ఒకామె కోలలు రెండూ చంకలో ఇరికించుకుని చెవులు మూసుకుంది. చంటిపిల్ల నోరు తెరిచింది. ఏడుస్తున్నదని నోరు చూసి తెలిసింది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె ఏదో అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాడేవాడేమైనా తప్పాడా అని కనకయ్య వాడి వైపు చూశాడు. వాడు ఇతని వైపు చూస్తున్నాడు. జనాన్ని పట్టుకోవాలని ఇంకొంచెం పైకి జార్చాడు. కోలలు ఆగిపోయాయి. వరుస చెదిరిపోయింది.

సమాజం కార్యదర్శి కమలాకర్ జనాన్ని తోసుకుంటూ టెంపో వైపు వస్తున్నాడు. అరచెయ్యి గొంతు ముందు అడ్డంగా ఆడిస్తున్నాడు. ఆయన కూడా సాంచా మీద పని చేసి వచ్చినవాడే. ఆ సైగకు కార్ఖానాలో ఒక్కటే అర్థం. ఆపు, గుడ్డ పాడైతున్నది.

కనకయ్య ఆపాడు.

"కనకన్నా, ఏమైందే ఇయ్యాల?" కమలాకర్ టెంపో అంచు పట్టుకుని అడిగాడు. "గది నీ మోత కాదు."

"నాదే."

"కాదన్నా. చెవులు కోస్తున్నది. ఆ అవ్వ ఏమంటున్నదో ఎర్కేనా? రేకు మీద మొల గీకుతున్నరట."

"నాకెప్పటి లెక్కనే ఉన్నది."

కమలాకర్ పరమేశ్‌ను చూశాడు. పరమేశ్ కర్రలను చూశాడు. శివకృష్ణ చెయ్యి మిక్సర్ మీదకు పోయి ఆగింది.

"కాకా, నువ్వు గుస్సా చేస్కోకు. ట్రిబుల్ కొంచెం దించుత. సన్నది తగ్గుతది, అంతే." నాబు ఎడమకు తిప్పాడు. జనం వైపు చూస్తూ ఇంకా తిప్పాడు. "ఇప్పుడు వాయించు."

వాయించాడు. యాంపులోంచి అదే మోత, అదే దారం. ఏ తేడా లేదు. ముందు మాత్రం చెవుల మీది చేతులు దిగాయి. అరుగు మీది ముసలామె తల ఊపింది. ఎవరో వేలు చూపించి చెప్తున్నారు. పెదాలు చదవడం కార్ఖానా మనిషికి ఒకరు నేర్పాలా? గది, గది కనకయ్యది.

అతను టెంపో దిగాడు. గిటారు మెడలోనే ఉంది, వైరు వెనక ఈడ్చుకొస్తోంది. బాక్సుల ముందుకు పోయి, జనంలో ఒకడిగా నిలబడి, తీగె మీటాడు.

తడిబట్ట బండకు కొట్టినట్టు వినబడింది.

మళ్లీ మీటాడు. దుప్పటి కింద ఎవరో మూలుగుతున్నట్టు. జారుడు లేదు, వంపు లేదు, దారం లేదు. చుట్టూ ముఖాలు చూశాడు. ఒక్కరి ముఖంలోనూ తప్పు కనబడలేదు. ఒక నడివయసు ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

"గిదేనా?" అని అడిగాడు.

"గిదే అన్నా," అన్నాడు కమలాకర్. "ఎన్నడైనా గిదే."

కనకయ్య అక్కడే నిలబడ్డాడు. వాళ్లు కనకయ్య మోత అని దేన్ని పిలుస్తారో దాన్ని అతను ఒక్కనాడూ వినలేదు. అతను విన్నదాన్ని వాళ్లెవరూ విననే లేదు. ఇన్ని పెళ్లిళ్లు, ఇన్ని గణపతులు, అతనొక చోట, మోత ఒక చోట.

"రోజు ఎవలు తిప్పుతరు దాన్ని?"

పరమేశ్ టెంపో మీది నుంచి చెప్పాడు. "రాజనర్సన్న."

"నీకెర్కేనా?"

"అందరికెర్కే అన్నా. నీకు చెప్తె ఊకుంటనా అని మమ్ముల ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

కనకయ్య వైరు పీకేశాడు. చిటికెన వేలి కుచ్చు తీసి జేబులో వేసుకున్నాడు. కమలాకర్ ఏదో అంటున్నాడు, జులూసు నడుమలో అని, దేవుని పని అని. వినబడింది. ఆగలేదు. పక్క సందులో ఆటో ఎక్కి భేస్తాన్ పొమ్మన్నాడు. గిటారు సంచి గదిలోనే మరిచిపోయాడు. ఉత్త గిటారును పసిపిల్లను పట్టుకున్నట్టు పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. రోడ్డంతా ఒక్కటే అనుకున్నాడు. వాని మొఖం మీద అడగాలె. నా దాన్ని ముట్టనీకి నువ్వెవనివిరా అని అడగాలె.

లింగవ్వ గుమ్మంలో ఎదురొచ్చింది. "వచ్చినవా అన్నా. పొద్దటి సంది నీ ముచ్చటే." అంటూనే అతని ముఖం చూసి పక్కకు జరిగింది.

రాజనర్సు గోడకు దిండు పెట్టుకుని మంచం మీద ఆనుకుని ఉన్నాడు. పొడుగు మనిషి. ఈ నెలలోనే చిక్కిపోయి చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. మెడ దగ్గర గుంటలు లోపలికి పోయి వస్తున్నాయి.

"ఏంది బావా, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

"నా గిటారును ముట్టినవా?"

రాజనర్సు దిండు మీద కొంచెం పైకి జరిగాడు. "ఎవలు చెప్పిండ్రు?"

"బాక్సులు చెప్పినయి."

నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా కనకయ్య నిలబడే ఉన్నాడు.

"నీ చెవులను సాంచా తిన్నది బావా," అన్నాడు రాజనర్సు. అతనికి ఎట్లా చెప్తే తెలుస్తుందో అట్లా, పెదాలు తెరిచి నెమ్మదిగా చెప్పాడు. "సన్నది నీకు వినరాదు. వినరాక పెంచుతవు. పెంచితె మందికి కోస్తది. నేను గంత దించిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వాయించుడు బంద్ చేస్తువు."

"చేస్తుంటి."

"మరి?"

కనకయ్య మంచం అంచు మీద కూలబడ్డాడు. గిటారును గుమ్మం పక్క గోడకు ఆనించాడు. కోపం ఎక్కడికి పోయిందో దొరకలేదు. దాని చోట్లో ఇంకా పెద్దది ఏదో కూర్చుంది.

"గట్లయితె గది ఎవలి మోత?" అన్నాడు. "నాదా, నీదా?"

"రంగు ముదిరితె నీళ్లల్ల జాడిస్తం. జాడించినోని గుడ్డ అయితదా?"

"నీకు నవ్వులాటనే. నాది నేను వినలే రాజనర్సూ. ఒక్కనాడు వినలే."

"నేను విన్న గదా," అన్నాడు రాజనర్సు. "మస్తుండె." లింగవ్వ వైపు చెయ్యి ఊపి, "బావకు చాయ్ పెట్టు, గొంతు ఎండింది అరిచి అరిచి" అన్నాడు.

లింగవ్వ పొయ్యి దగ్గరకు పోయింది. కనకయ్య అతని వైపు వీపు పెట్టి గుమ్మంలోకి చూస్తూ కూర్చున్నాడు. మస్తుండె అన్న మాట మంచిదో చెడ్డదో తెలియలేదు. వాకిట్లో ఎండ గోడ మీది నుంచి దిగిపోతోంది. సైకిల్ మీద ఒకడు పోయాడు. గది నిమ్మళంగా ఉంది. ఉస్తాద్ ఉండి ఉంటే ఏమనేవాడు అనుకున్నాడు. తిట్టేవాడు. బెహరా నవ్వేవాడు. జమిడిక వాయించే ఆయనకు అసలు యాంపే లేదు, ఆయన బాధ ఆయనకే వినబడేది. ఇట్లా ఏవేవో అనుకుంటూ, వెనక ఉన్న మనిషితో ఒక మాట మాట్లాడాలని, ఏ మాటో తేలక, అట్లాగే కూర్చున్నాడు.

లింగవ్వ చాయ్ లేకుండా వచ్చి నిలబడింది. చేతిలో పట్టకారు ఉంది. పెదాలు కదిలాయి.

"ఏంది?" అన్నాడు.

"పిల్లికూతలు ఆగినయి అన్నా."

"ఏం కూతలు?"

"ఆయన రొమ్ముల నుంచి వచ్చేటియి. రెండు దినాల సంది ఇల్లంత అవే. ఇప్పుడు వస్తలేవు."

కనకయ్య వెనక్కి తిరిగాడు. రాజనర్సు అట్లాగే దిండుకు ఆనుకుని ఉన్నాడు. కళ్లు సగం మూసి ఉన్నాయి. మెడ దగ్గర గుంటలు కదలడం లేదు. మంచం అంచున, జానెడు దూరంలో, మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్నాడు తను. ఆ కూతలు ఉన్నాయనే తెలియదు. ఆగాయనీ తెలియదు. పొయ్యి కాడ ఉన్న మనిషి లేచి వచ్చి చెప్పాల్సి వచ్చింది.

లింగవ్వ నోరు తెరిచింది. చంటిపిల్ల నోరు తెరిచినట్టే తెరిచింది. ఆ ఏడుపులో సన్నది పోయి లావుది మాత్రం అతనికి వినబడింది.

తెల్లారింది. బంధువులు, మిల్లువాళ్లు, సమాజంవాళ్లు వాకిట్లో చేరారు. పాడె కడుతున్నారు. డప్పులవాళ్లను పిలిపించమంటారా అని ఎవరో అడిగితే కమలాకర్ గుమ్మం వైపు చూపించాడు. అప్పటికే కనకయ్య ఆటోలో యాంపు తెచ్చి గుమ్మం పక్కన దించుతున్నాడు.

లోపలి ప్లగ్గు నుంచి వైరు లాగాడు. ఊరేగింపుల పొడుగు వైరుతో గిటారు తగిలించాడు. సమ్మక్కను పిలిచాడు.

"గిక్కడ కూసో. గీ నాబు పట్టుకో."

"నాకేం తెలుసయ్యా దాని సంగతి?"

"నువ్వు తిప్పు. నేను చూస్కుంట."

ఆమె ఏడ్చిన ముఖంతోనే యాంపు ముందు కూర్చుని రెండు వేళ్లతో నాబు పట్టుకుంది, వేడి మూత పట్టుకున్నట్టు. కనకయ్య మీటాడు. లోపల శవం తల దగ్గర కూర్చున్న లింగవ్వ మొహం ముడుచుకుంది. ఆడవాళ్లు ఇటు తిరిగారు. "తిప్పు" అన్నాడు. ఆమె ఎడమకు తిప్పింది. మళ్లీ మీటాడు. "ఇంకా." అతనికి మోత తగ్గి, మొద్దుబారి, దుప్పటి కిందికి పోయింది. "ఇంకా జర." లింగవ్వ ముఖం మీద నుంచి చూపు తియ్యకుండా మీటుతూనే ఉన్నాడు. వరద తర్వాత ప్రతి ఊరేగింపులోనూ ఆమె మొగుడి పక్కన, మిక్సర్ దగ్గర కూర్చుని విన్న మనిషి.

ఒకచోట లింగవ్వ చెయ్యి పైకి లేచింది. "గక్కడ," అన్నది. "గక్కడనే ఆయన ఆపేది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమ్మక్క వేళ్లు తీసేసింది.

అప్పుడు వాయించాడు. ఉస్తాద్ మెడ దగ్గర మీటే తీరు, బెహరా జారుడు, బైండ్లాయన వంపు. ఏది ఎక్కడ పడుతుందో వేళ్లకు తెలుసు. చెవులకు తడిబట్ట చప్పుడే వచ్చింది. ఆ చప్పుడు బండలోంచి పాదాలకు, పాదాల నుంచి మోకాళ్లకు ఎక్కింది. బాగుందో లేదో లింగవ్వ ముఖంలో చూసుకున్నాడు. వంపు వచ్చిన చోట ఆమె తల వంగింది. తీగె లేచిన చోట లేచింది. అంతవరకు చాలు అనుకున్నాడు. ఆపలేదు.

పాడె ఎత్తారు. అతను వాయిస్తూనే వెంట నడిచాడు. సందులో కొంతదూరం పోయాక వైరు నడుముకు బిగుసుకుంది. అక్కడ నిలబడిపోయాడు. పాడె మలుపు తిరిగింది. మలుపు దగ్గర వెనకబడ్డ కమలాకర్ చెయ్యి ఒక్కటి పైకి లేచి, వినబడుతోంది, వాయించు అన్నట్టు ఊగింది. మనుషులందరూ కనబడకుండా పోయేదాకా వాయించాడు.

వైరు చుట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. మంచం బయట నిలువుగా పెట్టారు. గది కడగడానికి ఎవరో నీళ్లు తెస్తున్నారు. గుమ్మం పక్క మేకుకు రాజనర్సు తువ్వాల వేలాడుతోంది, మిల్లు నుంచి వచ్చి చేతులు తుడుచుకునేది. నీలం మీద ఎరుపు, ఎరుపు మీద పసుపు, ఎన్ని ఉతుకులకూ పోనివి, ఏది ముందు పడిందో చెప్పరాకుండా కలిసిపోయి, ఒక మూల ఇంకా కొంచెం తడిగా ఉంది.